శనివారం మూట

నీలం గౌను మీద ఒకేసారి రెండు చేతులు పడ్డాయి.

ఒకటి సంచి మామ్మది. రెండోది, వీధిలో ఎవరూ సరిగ్గా గొంతు కూడా వినని పదో తరగతి పిల్లది.

"అది మా చిట్టికి," అంది పిల్ల.

బట్టల గదిలో ఉన్నవాళ్లంతా తలలు తిప్పి చూశారు.

మూతపడిన సైకిల్ షాపుని వీధివాళ్లే కడిగి, సున్నం కొట్టి, తాళ్లు కట్టి ఆ గది చేశారు. ఇంట్లో పనికిరానివి తెచ్చి తగిలించాలి. కావలసినవాళ్లు తీసుకెళ్లాలి. బుధవారం సాయంత్రం, శనివారం పొద్దున తలుపు తెరుస్తారు.

తీసుకునేవాళ్లు తలదించుకోకూడదని ఆసుపత్రిలో పనిచేసే నర్సమ్మ గోడ మీద పెద్ద అక్షరాలతో ఒకే ఒక్క రూలు రాసింది.

'ఎవరినీ ఏమీ అడగవద్దు.'

అందుకే సంచి మామ్మని కూడా ఎవరూ ఏమీ అడగలేదు. మూడు నెలలుగా ప్రతి బుధవారం వస్తుంది. ఎక్కణ్ణుంచో తెలియదు. చిరిగినవీ గుండీలు ఊడినవీ ఏరుకుని, సంచి నింపుకుని, నవ్వుకుంటూ పోతుంది.

కానీ ఈ బుధవారం వేరు. సోమవారమే బడి తెరుస్తారు. పిల్ల చెల్లెలు చిట్టి ఒకటో తరగతిలో చేరాలి. అమ్మ ప్యాకింగ్ పనికి వెళ్తూ, ఎలాగైనా ఒక గౌను చూడవే అని పెద్దదానికి అప్పజెప్పింది. యూనిఫాం లేని పిల్లల్ని ప్రార్థనలో వెనక వరసలో నిలబెడతారు. ఆ వెనక వరస ఎలా ఉంటుందో పెద్దదానికి తెలుసు. అక్కడ నిలబడే అది మాట్లాడటం మానేసింది.

బడి యూనిఫాం రంగులో, చిట్టి కొలతకి దగ్గరగా తాడు మీద ఉన్నది ఆ ఒక్క నీలం గౌనే. నడుం దగ్గర చిరిగింది, పిన్నీసులు పెట్టుకోవచ్చు.

అప్పటికే మామ్మ చిట్టిని ఇటు తిప్పి, అటు తిప్పి, వీపు మీద జానతో కొలిచి చూసింది. కొలిచి మరీ ఆ గౌను సంచిలో వేసుకోబోయింది. పిల్లకి ఒళ్లు మండింది.

"వారం వారం సంచి నిండా పట్టుకెళ్తున్నారు. మీ ఇంట్లో ఎంతమంది పిల్లలున్నారు?" అనేసింది.

పాలు పోసే పిన్ని వెంటనే అందుకుంది. పాత బట్టల దుకాణంలో అమ్ముకుంటోందని తనకి ఎప్పటినుంచో అనుమానమేనంది. నర్సమ్మ సంచి అందుకుని, పైనున్న రెండు చొక్కాలు ఎత్తి చూసి, ఇక్కడ వదిలేసి వెళ్లమంది.

మామ్మ ఏదో చెప్పబోయి చిట్టి వైపు చూసింది. గౌను దాని చేతుల్లో పెట్టింది.

"అడగొద్దని మీరే రాసుకున్నారుగా తల్లీ," అంది నవ్వుతూనే.

ఖాళీ చేతులతో మెట్లు దిగి వెళ్లిపోయింది.

ఆ తర్వాత గది గదంతా పిల్లనే మెచ్చుకుంది. నోట్లో నాలుక లేదనుకున్నాం, ఇదేమిటే ఇలా దులిపేశావు అంటూ పిన్ని దాని బుగ్గ గిల్లింది. పిల్లకి కాళ్లు నేల మీద ఆనలేదు. ఇంటికెళ్లి అమ్మకి ఆ ముక్క మూడుసార్లు చెప్పింది.

గౌను మాత్రం పిన్నీసులకి లొంగలేదు. పెట్టినచోటల్లా ఇంకాస్త చిరిగింది.

"పోతే పోనీవే," అంది అమ్మ. "శనివారం మూట వస్తుందిగా."

మూట అనగానే చిట్టి మంచం మీద గెంతింది.

ప్రతి శనివారం తలుపు తెరవకముందే గది గుమ్మంలో ఒక మూట ఉండేది. ఆకుపచ్చ దుప్పటిలో కట్టి ఉండేది. లోపలన్నీ కొత్తవాటిలాంటి చొక్కాలూ గౌన్లూ. ఒక్క గుండీ ఊడి ఉండదు, ఇస్త్రీ మడత చెదరదు. పెద్దింటివాళ్లెవరో పంపిస్తున్నారని, వాళ్ల పిల్లలు రెండుసార్లు తొడిగి పారేస్తారని పిన్ని చెప్పేది. ఖాళీ దుప్పటిని గుమ్మం పక్క మేకుకి తగిలిస్తే, బుధవారం గది మూసేసరికి అదీ మాయమయ్యేది.

శనివారం తెల్లవారగానే వీధి మొత్తం అక్కడే ఉంది. బడికి ముందు చివరి మూట. పిల్లలు ఒకళ్లనొకళ్లు తోసుకుంటున్నారు. నాకు జేబున్న చొక్కా అని ఒకడు, నాకు కుచ్చుల గౌను అని ఒకతె ముందే పంచేసుకుంటున్నారు. చిట్టి అక్క వేలు పట్టుకుని ఎగిరెగిరి వీధి చివరికి చూస్తోంది. పిల్ల కూడా నవ్వుతూ పాదాల వేళ్ల మీద లేచి చూసింది.

ఏడయింది. ఎనిమిదయింది. గుమ్మం ఖాళీగానే ఉంది.

పెద్దింటివాళ్లు ఊరెళ్లారేమో అంది పిన్ని.

తొమ్మిదింటికి నర్సమ్మ, ఉన్నవాటితోనే సర్దుకుందామని, మూలకి తోసిన మామ్మ సంచి తెచ్చి పిల్ల ముందు పెట్టింది.

పిల్ల ఒక్కొక్కటీ తీసింది. మోచెయ్యి చిరిగిన చొక్కా. కాలరు ఊడినది. గుండీలు లేనివి రెండు. తర్వాత ఒక రేకు డబ్బా, అందులో రంగురంగుల గుండీలు, సూదులు, నీలం దారపుండ. డబ్బా మూతలో మడిచిన కాగితం.

'చేతికర్ర తాత మనవడు - చేతులు పొడుగు. పాలావిడ కూతురు - మెడ వదులు చెయ్యాలి. చిట్టి - భుజం జానెడు. బుధవారం మళ్లీ చూడాలి. అంచు లోపల రెండేళ్లకి సరిపడా గుడ్డ మడవాలి.'

పిన్ని తన కూతురి గురించి రాసిన చోట వేలు పెట్టింది. నర్సమ్మ గోడ వైపు చూసింది. మామ్మ ఎక్కడుంటుందో ఆ వీధిలో ఒక్కరికీ తెలియదు.

"అక్కా, ఇంకా ఏమున్నాయి?" అంది చిట్టి, సంచిలోకి తొంగిచూస్తూ.

పిల్ల చెయ్యి పెట్టి, అడుగున నాలుగు మడతలు వేసి ఉన్న ఆకుపచ్చ దుప్పటిని పైకి తీసింది.