సాల్మన్ వచ్చేలోగా

నైటీ మీద తువ్వాలు వేసుకోకుండా గుమ్మం దాటకూడదు. నూకరత్నం మేరిసెల్‌కి నేర్పిన మొదటి పాఠం అది.

మేరిసెల్‌ది ఫిలిప్పీన్స్. దోహాలో ఏసీ మెకానిక్కుగా పనిచేసే సాల్మన్ అక్కడే ఆమెని పెళ్లి చేసుకున్నాడు. ఇప్పుడు ఆమెకి ఐదో నెల. తనకి సెలవు దొరక్కపోవడంతో ముందు ఆమెనొక్కదాన్నే విమానం ఎక్కించి చోడవరం పంపేశాడు. నెల తరవాత తనూ వస్తాడు.

ఆమె దిగడానికి ముందురోజే సాల్మన్ తల్లి స్వర్ణకుమారి నూకరత్నాన్ని కూర్చోబెట్టి చెప్పేసింది.

"సూడు రత్నం. ఆ గుంట ఇక్కడ కుదురుకుందా, ఆడు మన చేతిలో ఉంటాడు. నేదా, దాన్నట్టుకుని దాని దేశం ఎల్లిపోతాడు. అప్పుడు నువ్వూ నీ కూతురూ ఏ గుమ్మం ఎక్కుతారో నాకు తెల్దు."

నూకరత్నానికి ఎక్కడానికి వేరే గుమ్మం లేదు. ముందుగది ఖాళీ చేసింది. గోడ మీది పెద్ద ఫొటో దింపి, ఆ మేకుకే బైబిలు వాక్యాల క్యాలెండరు తగిలించింది. తన బట్టలూ, ఐదేళ్ల మెర్లిన్ బట్టలూ వంటింటి పక్క కొట్టుగదిలోకి మార్చేసింది.

మొదటి వారం మేరిసెల్ రోజూ ఏడ్చింది. కరెంటు పోతే ఏడ్చింది. దోమ కుడితే ఏడ్చింది. పప్పులో ఎండుమిరపకాయ కొరికి ఏడ్చింది.

"ఇదేటి, కన్నీళ్లకి కుళాయి కట్టించుకొచ్చిందా?" అని విసుక్కుంది స్వర్ణకుమారి. "ఏదో ఒకటి సెయ్యే!"

నూకరత్నం ఆమెని షేర్ ఆటోలో వడ్డాది సంతకి తీసుకెళ్లింది. ఎండు నెత్తళ్ల గుట్ట ముందు మేరిసెల్ కాళ్లు ఆగిపోయాయి. ఒక చేపని ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకుంది.

"మై మదర్... మార్నింగ్... సేమ్ ఫిష్!" అంది ఏడుస్తూ నవ్వుతూ.

మర్నాటి నుంచి పొద్దున్నే చద్దన్నం, నెత్తళ్ల వేపుడు. మనిషి తేరుకుంది. చేత్తో కలుపుకోవడం వచ్చింది. స్వర్ణకుమారి దగ్గరుండి నేర్పితే నూకరత్నాన్ని 'వదినా' అనడం వచ్చింది. ఇక ఇంటర్మీడియట్ ఇంగ్లీషుతో, చేతి సైగలతో నూకరత్నం మిగతావి మొదలుపెట్టింది. సాల్మన్‌కి చారు పొగలు కక్కుతూ ఉండాలి. చొక్కా కాలరు రెండుసార్లు రుద్దాలి. కోపం వస్తే ఎదురు చెప్పకూడదు, పక్కకి తప్పుకోవాలి.

"యూ నో ఎవ్రీథింగ్, వదినా!" అని మురిసిపోయింది మేరిసెల్.

ఆదివారం చర్చిలో ఆడవాళ్ల వైపు చాప మీద, తలమీద కొంగు జారకుండా కూర్చోబెట్టింది. చుట్టూ ఉన్నవాళ్లు మేరిసెల్ ఎదురుగానే ఆమె గురించి మాట్లాడుకున్నారు. తెలుగు రాని మనిషి ముందు దాపరికం దేనికి?

"నీకున్న ఓపిక నాకుంటే, రత్నం, పరలోకానికి ఆటో ఎక్కకండా నడిసెల్లిపోదును" అంది పక్కింటి నరసమ్మ.

"ఊరుకో పిన్నీ, పాటందుకున్నారు" అంది నూకరత్నం, పాటల పుస్తకం తెరిచి మేరిసెల్ చేతిలో పెడుతూ.

మెర్లిన్‌కీ నేర్పాల్సినవి ఉన్నాయి. ముందుగదిలోకి దూసుకుపోకూడదు. వచ్చినవాళ్లని బొమ్మలు అడగకూడదు. చేతులు జోడించి, వరస పెట్టి పిలిచి, వందనాలు చెప్పాలి. ఐదేళ్ల పిల్లకి వరసలు ఓ పట్టాన ఒంటబట్టవు. తప్పు చెప్పినప్పుడల్లా తొడపాశం. సరిగ్గా చెబితే బెల్లంముక్క. సాయంత్రం సాల్మన్ వీడియో కాల్ వచ్చే వేళకి మాత్రం పిల్లని నరసమ్మ ఇంటికి తోలేసేవారు.

ఒక మధ్యాహ్నం మేరిసెల్ నూకరత్నం గోళ్లకి ఎర్రరంగు వేస్తూ అడిగింది.

"వదినా, యువర్ హస్బెండ్?"

"గల్ఫ్."

"ఓ! ఫోన్?"

"నేదు" అంది నూకరత్నం. తరవాత తల అడ్డంగా ఊపి, "నో ఫోన్" అంది.

మేరిసెల్ బ్రష్షు పక్కన పెట్టి ఆమెని కౌగిలించుకుంది. ఎత్తుగా ఉన్న ఆ కడుపు నూకరత్నం పక్కటెముకలకి తగిలింది. లోపల బిడ్డ కదిలింది.

"గల్ఫ్ మెన్, బ్యాడ్. అదర్ ఉమన్, అదర్ ఉమన్" అంది మేరిసెల్ కళ్లు తుడుచుకుంటూ. "మై సాల్మన్, నో. మై సాల్మన్ గుడ్."

"గుడ్" అంది నూకరత్నం. గోళ్ల రంగు ఆరేదాకా కదలకుండా కూర్చుంది.

నెల గడిచింది. సాల్మన్ వచ్చే రోజు నూకరత్నమే మేరిసెల్‌కి చీర కట్టింది, కడుపు మీద బిగువు లేకుండా, కుచ్చిళ్లు చక్కగా సర్ది. మెర్లిన్‌కి కొత్త గౌను వేసి, గడపలో నిలబెట్టి, గెడ్డం పట్టుకుని కళ్లలోకి చూసింది.

"ఏటి సెప్పాలి?"

పిల్ల చెవిలో చెప్పింది. నూకరత్నం తల ఊపింది.

కారు ఆగింది. సాల్మన్ దిగాడు. మేరిసెల్ చెయ్యి అందుకోబోతుంటే, అతన్ని చూసిన మెర్లిన్ గడప దాటి ఒక్క పరుగు తీసింది. గేటు దగ్గర నరసమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. సాల్మన్ మొహం పాలిపోయింది.

రెండడుగుల దూరంలో పిల్ల టక్కున ఆగింది. ఒక్కసారి వెనక్కి తిరిగి తల్లిని చూసింది. చేతులు రెండూ జోడించింది.

"వందనాలు మావయ్యా!"

"సో క్యూట్!" అని చప్పట్లు కొట్టింది మేరిసెల్. సాల్మన్ జేబులోంచి చాక్లెట్టు తీసి పిల్ల చేతిలో పెట్టి, దాని మొహం చూడకుండా లోపలికి నడిచాడు. స్వర్ణకుమారి నూకరత్నం వీపు తట్టింది.

ఫిలిప్పీన్స్ పిల్లకి చోడవరం నేర్పడం పదిహేను రోజుల్లో అయిపోయింది గానీ, కన్నతండ్రిని మావయ్యా అని పిలవడం కూతురికి నేర్పడానికే నూకరత్నానికి నెల పట్టింది.