సముద్రాన్ని కొట్టిన మస్తానమ్మ

మస్తానమ్మ తెడ్డు ఎత్తి సముద్రాన్ని కొట్టింది.

కొట్టినచోట నీళ్ళు నీలంగా భగ్గుమన్నాయి. చీర కుచ్చిళ్ళ దాకా మెరుపు ఎగిరింది. మళ్ళీ కొట్టింది. కుడిచేత్తోనే. ఎడమచెయ్యి పైకి లేవదు.

బోగోలు తీరాన సముద్రం వెలుగుతోందని సెల్‌ఫోన్లలో పాకిపోయి, పొద్దుగూకేసరికి నెల్లూరు నుంచి జనం దిగినారు. అందరూ నీళ్ళకు ఫోటోలు తీసుకుంటుంటే, ప్రత్యూష అనే కాలేజీ పిల్ల మాత్రం ఈమె దగ్గరకొచ్చింది.

"ఎందుకక్కా కొడుతున్నావు? అవి కంటికి కనపడని చిన్న ప్రాణులు. కదిలిస్తే వెలుగుతాయి, అంతే."

"వెలిగినందుకే కొడుతున్నా."

పిల్లకు అర్థం కాలేదు.

"పోయినేడు ఇట్లాంటి రాత్రే మా ఆయన పడవ మునిగిందమ్మే," అంది మస్తానమ్మ. "అడుగున బొక్కకు పెట్టే బిరడా లేదు. నడిసముద్రం పోయినాక గాని చూసుకోలా."

"అయ్యో. బిరడా ఏమైంది?"

"ఏమో."

ఇంకో దెబ్బ పడింది.

"పడవ నీళ్ళలోకి తోసేముందు ఇంటి ఆడది గంగమ్మకు పసుపు కుంకుమ ఇచ్చి కోరుకోవాల. ఆ పొద్దు నేను కోడిని కూడా కోసినా. ఎప్పుడూ నోరు తెరవనిదాన్ని, ఒక్కటంటే ఒక్కటి అడిగినా. పెట్టింది తినేసింది. అడిగింది చెయ్యలా."

ప్రత్యూష ఫోను సంచిలో పెట్టేసింది. లేవని ఎడమచెయ్యి చూసి, "ఆ చేతికేమైందక్కా?" అంది.

"పడవ మునిగేదానికి ముందు నెలలో విరిగింది. సరిగ్గా అతుక్కోలా."

"గంగమ్మను కొట్టకూడదంటారు గదా. కోపమొస్తే?"

"రానీ. ఇంతకంటే ఏం చేస్తుంది నన్ను?"

పిల్ల కళ్ళు తుడుచుకుంటా ఆటో దగ్గరికి వెళ్ళిపోయింది. మస్తానమ్మ మోకాటిలోతుకు దిగింది. ఇప్పుడు దెబ్బకొక మాట.

"ఇది నా పసుపుకు. ఇది నా కోడికి. చీకటిరాత్రి చీకటిగా ఉండేదానికి నీకేం నొప్పే?"

ఇళ్ళ వైపు నుంచి కేక వినబడింది. ఎత్తిన తెడ్డు ఎత్తినట్టే ఆగింది. మెల్లగా దించి, తడికొంగు పిండుకుంది.

"యాడ చచ్చినావే, కూడు పెట్టవా?" అని మళ్ళీ అరిచినాడు గిరిబాబు, ఏడాది కింద మునిగిపోతా కొట్టుకున్న చేతుల చుట్టూ నీళ్ళు మెరిస్తే, ఆ మెరుపు చూసి పక్క పడవవాళ్ళు లాక్కొచ్చి మస్తానమ్మకు అప్పజెప్పిన మొగుడు.