ఇంకాస్త వివరంగా

"మీ నాన్న పోయాడని ఒక్క ముక్కలో తేల్చేశావేంటమ్మా? ఎలా పోయాడో చెప్పు," అన్నాడు స్కాలర్‌షిప్ ఆఫీసరు, బిస్కెట్ టీలో ముంచుతూ.

సోషల్ వర్క్ చదివే ఆ పిల్లకి ఒళ్ళు మండింది. "డెత్ సర్టిఫికెట్ పెట్టాను కదండీ."

"అది చూస్తే ఎవరికి ఏడుపొస్తుంది తల్లీ? కమిటీవాళ్ళ మనసు కరగాలా వద్దా? లారీ కింద పడ్డాడని రాసి ఊరుకున్నావు. ముందు చూసిందెవరు?"

బిస్కెట్ విరిగి టీలో పడింది. ఆయన దాన్ని వేలితోనే తీసి నోట్లో వేసుకున్నాడు. ఆమె లేచి వెళ్ళిపోదామనుకుంది కానీ, ఫీజుకి రేపే ఆఖరి రోజు.

"నేనేనండీ."

"అదీ. ఇంకాస్త వివరంగా చెప్పు."

చెప్పింది. నాన్న చెప్పు ఎంత దూరాన పడిందో కూడా చెప్పింది. చివరికి ఉండబట్టలేక అడిగింది: "ఇదంతా చెబితే ఇస్తారాండీ?"

అడిగాక నోరు చేదెక్కింది. పోయిన వారం ఫీల్డ్‌వర్క్‌లో, కోడలు గెంటేసిన ఓ ముసలమ్మ ఇలాగే అడిగింది. రికార్డు నిండాలని ఆ గోడు మూడుసార్లు చెప్పించుకుంది తను. "ఈసారన్నా చెబితే దుప్పటి ఇస్తావా అమ్మా?" అంది ముసలమ్మ.

"చూద్దాంలే," అంటూ ఆఫీసరు ఫైల్లో ఏదో రాశాడు. తలకిందులుగా ఉన్నా చదవగలిగింది. 'బాగా సహకరించింది.'

రికార్డులో ముసలమ్మ పేజీ చివర తను రాసిందీ అదే. దానికి లెక్చరర్ పదికి తొమ్మిది మార్కులు వేశారు.

దుప్పటి సంగతి ఇవాళే గుర్తొచ్చింది.