అప్పగింత

"నన్ను దేవుడికి అప్పగించీసినావేటే? సేతకానోళ్ల మాటది!" బెల్టు షాపు ముందు ఇసుకలో పడి ఉన్న లక్ష్ముడు, చర్చికి వెళ్తున్న పెళ్లాన్ని చూసి పళ్లికిలించాడు.

అమ్మడు ఆగింది. పెళ్లయినప్పటి నుంచి ఇతన్ని ఇక్కణ్నుంచి భుజం మీద వేసుకుని తీసుకెళ్లింది ఆమే. అతను కక్కినదంతా కడిగింది, మొగుడికి జ్వరమని పడవ యజమానికి అబద్ధాలు చెప్పింది ఆమే. తను బాప్తిస్మం తీసుకున్నాక కూడా ఇవేవీ మానలేదు. పోయిన ఆదివారం మాత్రం ప్రార్థనలో ఏడ్చి ఏడ్చి, "నా వల్ల కాదు ప్రభువా, ఇక నీ చిత్తం" అని అందరి ముందూ మొగుణ్ని దేవుడికి అప్పగించి లేచింది. మళ్లీ అతన్ని వెతుక్కుంటూ రాలేదు.

"బైబిలు సంకనెట్టుకుని పోతన్నావు. మొగుడు మట్టిలో పడుంటే నీ దేవుడొచ్చి లేపుతాడేటి?" అంటూ అలవాటుగా చెయ్యి చాపాడు.

ఆమె వంగబోయి, నిలబడిపోయింది.

"నేను లేపినన్నాళ్లూ నువ్వు లెగలేదు మావా."

"పో, పోయే! నీ బతుక్కి భక్తొకటి! మళ్లీ నువ్వే వస్తావు, సూడు!" అతని నవ్వు ఆమె వెనకాలే చర్చి గుమ్మం దాకా వచ్చింది.

లోపల పాట మొదలైంది. అమ్మడు మోకరించింది. కానీ చెవులు రోడ్డు మీదే ఉన్నాయి. మోకాళ్లు తమంతట తామే లేవబోతున్నాయి. బెంచీ అంచును రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది.

"మావని కాదు ప్రభువా," అంది, "ముందు నన్ను పట్టుకో. వదిలితే ఆడి కాడికి పరిగెత్తిపోతాను."