పదకొండుగురికి విందు

ఇంగ్లండు జట్టును ఓడించే ఉపాయం హనోరా క్విల్టీకి వంటింట్లో తట్టింది.

ఆ దొరలు డబ్బుకు ఆడరు. సరదాకి ఆడతారు. ఆ సరదా కోసమే రెండు నెలలు ఓడలో ప్రయాణం చేసి ఆస్ట్రేలియాలో దిగారు. ఊరూరా తిరుగుతున్నారు. తాము పదకొండుగురే ఉండి, ప్రతి ఊరినీ ఇరవై రెండు మందిని దించమంటారు. అయినా చితక్కొట్టి పోతున్నారు. పక్క ఊరు కాసిల్టన్‌లో ఇరవై రెండు మందీ కలిసి చేసినవి పంతొమ్మిది పరుగులు.

ఆ కబురు విన్న రోజే హనోరా కాసిల్టన్‌లో హోటలు నడిపే తన అక్క నెల్‌కు ఆరు పేజీల ఉత్తరం రాసింది. అందులో క్షేమ సమాచారం అర పేజీ. తక్కిందంతా వెక్కిరింపే.

ఇప్పుడు హనోరా వాళ్ల ఊరు బింబూరా వంతు వచ్చింది. నెల్ పొద్దున్నే గుర్రపు బండిలో దిగి, మైదానం అంచున ముందు వరుసలో కుర్చీ వేయించుకుంది.

"ఉత్తరం తెచ్చానే," అంది చెల్లెలితో. "మీవాళ్లు ఓడితే సాయంత్రం మీ హోటల్లోనే, ఊరంతా వింటుండగా చదివిస్తా. నీ నోటితోనే."

"నీ ఇష్టం అక్కా," అని నవ్వింది హనోరా. వంటింట్లోకి వచ్చాక మాత్రం ఆ ఉత్తరంలో ఏమేం రాసిందో ఒక్కొక్కటే గుర్తు చేసుకుంది.

పొద్దున బింబూరా వాళ్లు బ్యాటింగ్ చేశారు. అందరూ కలిసి అరవై ఒక్క పరుగులు. ఇక భోజనాలయ్యాక దొరలు ఆడాలి. పొయ్యి దగ్గర నిలబడ్డ హనోరా ఒక్క బంతి కూడా చూడలేదు. ఆమె బుర్రంతా గరిటె మీదే ఉంది.

జట్టు నాయకుడు ఆమె భర్త డెనిస్. జట్టులో సగం మంది ఊరివాళ్లే. వాళ్లను అరకడుపు తిని రమ్మని ఎవరిళ్లకు వాళ్లను పంపేశాడు. తక్కిన సగం దూరాన గొర్రెల మందల దగ్గర పనిచేసేవాళ్లు. వాళ్ల సంగతి, దొరల సంగతి పెళ్లానికి వదిలేశాడు.

ఒంటిగంటకు పదకొండుగురు హోటలు గుమ్మం ముందు ఆగారు. బూట్లు ఒకటికి రెండుసార్లు తుడుచుకున్నారు. టోపీలు చేత్తో పట్టుకుని వరుసగా లోపలికి వచ్చారు. తెల్లచొక్కాలకు గంజి ఎంత దట్టించారంటే, కూర్చోగానే ఫెళఫెళమన్నాయి. దొరతనమంటే ఇదీ అనుకుంది హనోరా.

ఇంతలో వంటమనిషి ఫీబీ మైదానం పక్కన ఆటగాళ్లకు వేసిన గుడారం దగ్గర్నుంచి వచ్చింది. అక్కడా పదకొండుగురు ఉన్నారట. మోకాళ్ల మీద మాసికలు, నలిగిన టోపీలు. గడ్డిలో బోర్లా పడుకుని ఒకరినొకరు ఆటపట్టించుకుంటున్నారట.

"మన మందలవాళ్లు పాపం. వాళ్లకేం పంపమంటారు అమ్మగారూ?"

"రొట్టె, చల్లటి టీ. కడుపు నిండిన వేటకుక్క కుందేలు వెంట పడుతుందా?"

తర్వాత ఆమె చెంగున బల్ల దగ్గరికి వచ్చింది. సూపు వడ్డించింది. కాల్చిన గొర్రె తొడ, పంది మాంసం, బంగాళాదుంపలు, ఆపైన తియ్యటి పుడ్డింగు వడ్డించింది. పళ్లెం ఖాళీ అవడమే ఆలస్యం, మళ్లీ నింపింది. వాళ్లు మాటామంతీ లేకుండా తిన్నారు. చివరికి ఎర్రగడ్డం మనిషి చెయ్యి అడ్డం పెట్టాడు.

"చాలమ్మా. మళ్లీ ఆడాలి కదా."

"ఆడుదురుగాని. ఇంతకీ మీదేవూరు నాయనా?"

"పుట్టింది ఇంగ్లండులో, డెవన్ అమ్మా. ఇలాంటి పుడ్డింగు మా అమ్మ చేసిపెట్టేది. తిని ఎన్నేళ్లయిందో."

ఓడలో రెండు నెలలంటే ఏళ్లలాగే ఉంటాయి మరి. హనోరా మనసు కరిగింది. మరో పెద్ద ముక్క వేసింది.

ఇక షాంపేన్ తీసింది. రాణిగారి పేర గ్లాసు ఎత్తమంటే కాదనే మగాడు ఈ దేశంలో లేడు. పదకొండుగురూ లేచి తాగారు. పెద్ద యువరాజు పేర తాగారు. రాణిగారి పిల్లలు తొమ్మండుగురు. హనోరా ఒక్కరినీ మరచిపోలేదు. ఐదో బిడ్డ దగ్గర ఒకడు చొక్కా గుండీలు విప్పాడు. ఏడో బిడ్డ దగ్గర ఇంకొకడు ఆవాల ముద్ద గిన్నె మీద తల ఆనించి గురక పెట్టాడు. ఎర్రగడ్డం మనిషి ఆమె చెయ్యి పట్టుకుని, ఈ ఊరి కోసం ప్రాణమైనా ఇస్తానని ఏడ్చాడు.

తప్పతాగితే శత్రువు కూడా ఎంత మంచివాడవుతాడు అనుకుంది హనోరా. బింబూరా పరువంతా ఇప్పుడు ఈ పదకొండు పొట్టల్లో భద్రంగా ఉంది.

గంట మోగింది. ఫీబీ, ఆమె కలిసి ఒక్కొక్కరినే లేపి గుమ్మం దాటించారు. హనోరా నడుముకున్న గుడ్డయినా విప్పకుండా దొడ్డిదారిన పరుగెత్తుకెళ్లి అక్క పక్కన కూలబడింది.

"గొంతు సవరించుకున్నావా?" అంది నెల్.

"నా గొంతుకేం. నువ్వే కాస్త మనసు గట్టి చేసుకో. ఈసారి ఉత్తరం పది పేజీలు."

బ్యాండు మోగింది. జనం లేచి నిలబడ్డారు.

గుడారంలోంచి మాసికల ప్యాంట్లతో ఇద్దరు బ్యాట్లు తిప్పుకుంటూ హుషారుగా వికెట్ల దగ్గరికి నడిచారు, వాళ్లకు బంతులు వేయడానికి డెనిస్ వెనక ఊరివాళ్లు దిగారు, ఆ వెనక బింబూరా జట్టులో తక్కిన సగం ఎర్రగడ్డం మనిషి భుజం పట్టుకుని, తొమ్మిదో బిడ్డకు జేజేలు కొడుతూ, తూలుతూ మైదానంలోకి వచ్చింది.