సోలార్ ఖాదర్

పురిటి బల్ల మీద చిన్నమ్మి కేక పెట్టింది. సరిగ్గా అప్పుడే లైటు ఆరిపోయింది.

చీడికాడ దాటేక కొండ కింద ఉన్న చిన్న ఆరోగ్య కేంద్రం అది. గాలీ వానా వస్తే కరెంటు ఉండదు. విదేశీ సాయంతో పెట్టిన సోలారే ఆధారం.

నర్సు రేవతి సోలార్ బాగుచేసే ఖాదర్ మొహిద్దీన్‌కి చోడవరం ఫోన్ చేసింది.

"వస్తన్నానమ్మా" అన్నాడాయన.

ఆయన వచ్చేసరికి గంటన్నర. సెల్‌ఫోన్ వెలుగులోనే ఆడపిల్ల పుట్టేసింది.

"ఏటండీ ఇది? తల్లీబిడ్డల ప్రాణాలు పోతే ఎవరిది పూచీ?" రేవతి అరిచింది.

"తప్పయిపోయిందమ్మా. గెడ్డ పొంగింది. బండి నడిపించుకొచ్చేను."

"ఈ పనికే కదా విదేశం వాళ్లు మీకు జీతమిస్తన్నారు!"

 ఖాదర్ తడిబట్టలతోనే నిచ్చెనెక్కాడు. దగ్గుతూ దిగాడు. లైటు వెలిగింది.

ఆయా టీ ఇవ్వబోతే వద్దన్నాడు. గుడ్డలో చుట్టిన పసిగుంటని దూరం నుంచే చూసి, నవ్వి, వానలోకి వెళ్లిపోయాడు.

ఇరవై రోజుల తర్వాత మందుల ఫ్రిజ్ ఆగిపోయింది. ఖాదర్ ఫోన్ ఎత్తలేదు. రేవతి మూడు రోజులు చేస్తూనే ఉంది. పిల్లల టీకాలన్నీ పారబోయాల్సి వచ్చింది.

రేవతి సోలార్ పెట్టిన కంపెనీకి ఫిర్యాదు రాసింది. ముందు ఆయన ముఖం మీదే చదివి వినిపించాలని చోడవరం బస్సెక్కింది.

ఖాదర్ కూతురు తహమీనా తలుపు తీసింది.

"నాన్న లేరమ్మా. పోయి పది రోజులైంది. ఆ వానలో తడిసొచ్చి మంచం పట్టేరు. న్యుమోనియా అన్నారు."

రేవతి చెప్పులు విడిచి లోపలికెళ్లింది.

గోడకి ఆనుకుని కూర్చున్న ఖాదర్ భార్య షంషున్నీసా తలెత్తింది.

"నర్సమ్మా, ఆ గుంట బాగుందా? ఆస్పత్రిలో కూడా మా ఆయన అదే అడిగేరు."

"బాగుందమ్మా" అంటూనే రేవతి ఏడ్చేసింది. ఫిర్యాదు కాగితాన్ని సంచి అడుక్కి తోసేసింది.

కాసేపటికి కళ్లు తుడుచుకుని అంది.

"కంపెనీకి నేను రాస్తాను. డ్యూటీకొచ్చే కదా ఇలాగైంది. మీకు ఏదో ఒకటి చెయ్యకపోరు."

తహమీనా తల అడ్డంగా ఊపింది.

"ఏ కంపెనీ అమ్మా? విదేశం సాయం ఆగిపోయి మూడేళ్లయింది, ఆ నెలలోనే నాన్నని పనిలోంచి తీసేసేరు."