అంకెలు మార్చిన తలుపు

ఆ ముసలాయన మళ్లీ తలుపు తట్టకుండానే లోపలికొచ్చాడు.

హిందల్ కంప్యూటర్ తెరమీద గీస్తున్న మేడమెట్ల బొమ్మ సగంలో ఆగిపోయింది.

“ఏం కావాలి తాతా?”

“గుక్కెడు మంచినీళ్లు.”

“కింద దుకాణంలో దొరకవా?”

“దొరుకుతాయి తల్లీ. నాలుగంతస్తులెక్కి తాగితే ఇంకాస్త రుచి.”

తాగాడు, దగ్గాడు, కాసేపు కూర్చుని వెళ్లిపోయాడు. ఒకరోజు పదింటికొస్తాడు, ఇంకోరోజు మూడింటికి, ఒక్కోరోజు రెండుసార్లు.

అవతలి బల్ల దగ్గర ఇంజనీరు లెంబర్గర్ తలెత్తనైనా లేదు. ఆమె తాలూకు బంధువేమోనని ఆయన అనుకున్నాడు. ఆయనకు తెలిసినవాడేమోనని ఆమె అనుకుంది. ఒకరినొకరు అడగలేదు. నిష్ఠాపరులైన యూదులుండే బెనెబ్రాక్‌ ఊళ్లో పరాయి ఆడదీ మగవాడూ అక్కర్లేని మాటలు మాట్లాడుకోరు మరి.

మొదట్లో ఆ ఆఫీసులో ముగ్గురు ఆడవాళ్లుండేవాళ్లు. ఒకామె పురిటికి వెళ్లింది, ఇంకొకామె ఊరు మారింది. హిందల్, ఇంజనీరు మిగిలారు. తలుపు చూస్తే, మూయగానే దానంతటదే గడియ పడేది. బయటివాళ్లు అంకెలు నొక్కితేనే తెరుచుకుంటుంది. అలాంటి గదిలో పరాయివాళ్లిద్దరే ఉండకూడదని కట్టుబాటు.

పని మానేస్తే చిన్నపిల్లల బడిలో పాఠాలు చెప్పుకోవడమే గతి. ఇళ్ల బొమ్మలు గీయడమంటే ఆమెకు ప్రాణం. అందుకే ఏం చెయ్యాలో అడగమని భర్త హెస్కెల్‌ను మతగురువైన రబ్బీ దగ్గరికి పంపింది. ఆ రబ్బీని ఆమె ఎన్నడూ చూడలేదు. అడిగి రావడం మగవాళ్ల పని.

“ఫరవాలేదట, చేసుకోమన్నారు,” అన్నాడు హెస్కెల్ తిరిగొచ్చి.

ఎందుకు ఫరవాలేదో ఆమె అడగలేదు, ఆయన చెప్పలేదు.

ఇప్పుడీ ముసలాయన. ఆడవాళ్ల నడత కనిపెట్టమని ఎవరో పంపిన మనిషేనని ఆమెకు రూఢి అయిపోయింది. తలుపు చప్పుడైతే గీస్తున్నది ఆపేసేది. చప్పుడు కాకపోయినా చెవులటే ఉండేవి. నాలుగు గోడలూ తనవైపే జరుగుతున్నట్టుండేది.

ఒక సోమవారం ఇంజనీరు రాకముందే తలుపు అంకెలు మార్చేసింది. కొత్తవి కాగితం మీద రాసి ఆయన బల్లమీద పెట్టింది. ఆయన చదివి జేబులో వేసుకున్నాడు.

మధ్యాహ్నం బయట మీటలు నొక్కిన చప్పుడు. మళ్లీ నొక్కారు. తర్వాత తట్టారు.

హిందల్ కదల్లేదు.

ఎదురింటి తలుపు తెరుచుకుంది. “లోపల ఇద్దరూ ఉన్నారే, పొద్దుట్నుంచీ ఉన్నారు,” అంటోంది దర్జీ ఆవిడ. ముసలాయన మెట్లు దిగాడు.

ఇంజనీరు మొహం పాలిపోయింది. వెళ్లి తలుపు బార్లా తెరిచి, వరండాలోకి పోయి నిలబడ్డాడు.

“నాకు పెళ్లికెదిగిన కూతుళ్లున్నారమ్మా,” అన్నాడు గోడవైపు చూస్తూ. “రేపట్నుంచి రాకు.”

ఇంటికొచ్చి, ఎవడో ముసలాడి మూలంగా పని పోయిందని కళ్లనీళ్లు పెట్టుకుంటూ అంతా చెప్పింది. హెస్కెల్ కుర్చీలో కూలబడ్డాడు.

“ఆ పాత అంకెలు ఆయనకిచ్చింది నేనే హిందల్. బయటి మనిషి ఏ క్షణాన్నైనా వచ్చేట్టుంటే ఆ గదిలో మీరిద్దరే ఉన్నా తప్పులేదట. ఎవరొస్తారో, ఎప్పుడొస్తారో నీకు ముందే తెలిస్తే లెక్కకు రాదన్నారు. ఎవరినైనా పంపితే నీ పేరు నలుగురి నోళ్లలో పడుతుందని, రబ్బీ తనే వచ్చేవారు.”